పరహస్తంలోని గృహం: యజమానత్వ విచారణ



దూరాన ఉన్న స్వగ్రామంలో ఇల్లు ఉండి, దానిని అద్దెకిచ్చి, నిర్వహణభారాన్ని ఒక మేనేజరుకు అప్పగించిన గృహస్థులు నేడు మనలో ఎందరో ఉన్నారు. సంతానం హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో స్థిరపడుతుంది. పితృపాదులు కట్టించిన ఇల్లు ఏ గోదావరి ఒడ్డునో, కృష్ణ ఒడ్డునో మిగిలిపోతుంది. అమ్మడానికి మనసొప్పదు, వెళ్ళి ఉండడానికి వీలుపడదు. ఇది కేవలం లౌకిక వ్యవహారమనీ, సాధకునికి ఇందులో విచారించదగినది లేదనీ కొందరు పెద్దలు భావిస్తారు. నాకలా తోచదు. కర్తృత్వమంటే ఏమిటి, స్వామ్యమంటే ఏమిటి అన్న ప్రశ్నలను గ్రంథపఠనంలో ఎన్నిమార్లు చూసినా, రాజమహేంద్రవరంలోని మా ఇంటి నెలవారీ లెక్కల కాగితంలో ఎదురైనంత సూటిగా అవి మరెక్కడా నాకు ఎదురుకాలేదు.

1986 ఆగస్టులో వచ్చిన గోదావరి మహావరదను కళ్ళారా చూసిన మా తండ్రిగారు, మరుసటి సంవత్సరం ఆ ఇంటిని పునాది మూడడుగులు లేపి కట్టించారు. నాలుగు గదుల డాబా, పెరట్లో నుయ్యి, రెండు కొబ్బరిచెట్లు, ఈశాన్యాన చిన్న పూజగది. ఉద్యోగరీత్యా నేను హైదరాబాదు చేరి, అక్కడే పదవీవిరమణ చేశాను. మధ్య దూరం 400 కిలోమీటర్ల పైచిలుకు. గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి దిగవచ్చు గాని, కుళాయి కారినప్పుడల్లా రైలెక్కలేము కదా.

తొలుత పక్కవీధిలోని బాబాయిగారు ఆ ఇంటిని కనిపెట్టి ఉండేవారు. అద్దె వసూలు చేసి బ్యాంకులో వేసేవారు, మేస్త్రీని పిలిపించేవారు. ప్రతిఫలం ఊసెత్తితే నొచ్చుకునేవారు. ఆయన ఋణం తీరేది కాదు. అయితే ఆ ఏర్పాటులో ఒక సూక్ష్మమైన చిక్కు ఉండేది: ఉచితంగా చేసేవారిని లెక్క అడగలేము. మోటారు బాగుచేయించడానికి రెండువేలయిందంటే, అలాగే బాబాయిగారూ అనడమే. ఆయన అక్షరాలా సత్యమే చెప్పి ఉంటారు. అందులో నాకు సందేహం లేదు. కాని అడగడానికి వీలులేని చోట సత్యానికి కూడా తనను తాను నిరూపించుకునే అవకాశం ఉండదు. యజ్ఞంలో ఋత్విక్కులకు దక్షిణ విధిగా నిర్ణయించిన మన పూర్వులు ఈ చిక్కును ఎరిగినవారు. దక్షిణ పుచ్చుకున్న తర్వాత ఋత్విక్కు యజమానికి ఋణపడడు, యజమాని ఋత్విక్కుకు ఋణపడడు. ఇద్దరూ కర్మకు మాత్రమే కట్టుబడి ఉంటారు. మీమాంసకులు దీనికి పరిక్రయమని పేరు పెట్టారు. అంటే వేతనమిచ్చి సేవను పొందడం. ఆ మాటలో వారికి ఏ సంకోచమూ కనబడదు. మనకే, ధర్మకార్యంలో డబ్బు మాట వస్తే నాలుక తడబడుతుంది.

బాబాయిగారికి వయసు మీదపడి కాళ్ళు సహకరించని దశలో ఒక మేనేజరును కుదుర్చుకున్నాను. ఆయన పేరు అనవసరం. రెండేళ్ళు సవ్యంగానే జరిగింది. మూడవ ఏట ఇంటికి సున్నం, రంగులు వేయించానని ముప్పై ఎనిమిది వేల బిల్లూ, ఫోనులో నాలుగు ఫోటోలూ పంపాడు. గోడలు తళతళలాడుతున్నాయి. మా చెల్లెలు ఆ ఫోటోలను పెద్దవి చేసి చూసి, "అన్నయ్యా, మన కిటికీలకు ఆరు ఊచలు కదా, ఇక్కడ నాలుగే ఉన్నాయేమిటి?" అన్నది. అది మరెవరిదో ఇల్లు.

కౌటిల్యుడు అర్థశాస్త్రం రెండవ అధికరణంలో అధికారులు ధనం అపహరించే ఉపాయాలు నలభై అని లెక్కించాడు. అన్యగృహచిత్రప్రదర్శనం ఆ జాబితాలో లేదు. కాలం పెరిగినకొద్దీ సంఖ్యా పెరిగి ఉంటుంది. అయితే కౌటిల్యుని దృష్టిలో నన్నాకర్షించినది ఆ నలభై కాదు. నీటిలో తిరిగే చేప నీరు త్రాగుతున్నదో లేదో తెలియనట్లే, ధనవ్యవహారంలో ఉన్నవాడు కాజేస్తున్నాడో లేదో తెలియదని చెప్పిన ఆ మహామేధావి, దానికి విరుగుడుగా నిరంతర అనుమానాన్ని చెప్పి ఊరుకోలేదు. లెక్క ఏ రోజు రావాలి, ఏ రూపంలో రావాలి, ఎవరు సరిచూడాలి అని నియమించాడు. అనుమానం అనుమానించేవాని చిత్తాన్ని కలుషితం చేస్తుంది. లెక్క అడగడం అలా చేయదు. నేను జపానికి కూర్చున్న వేళ ఆ నాలుగు ఊచల కిటికీ కనులముందు నిలిచిన రోజులు కొన్ని ఉన్నాయి గనుక ఈ మాట అంటున్నాను.

ఈ సందర్భంలో భరతుని తలచుకోకుండా ఉండలేము. లోకంలో పరసంపదను నిర్వహించినవారిలో అతనికి సాటి ఎవరు? రాజ్యాన్ని తనకిచ్చిన వరంగా గాక, అన్నగారు తనవద్ద ఉంచిన న్యాసంగా భావించాడు. న్యాసమంటే తిరిగి ఇవ్వవలసిన సొత్తు. నందిగ్రామంలో జటావల్కలాలతో 14 సంవత్సరాలు గడిపి, ప్రతి రాజకార్యాన్నీ ముందుగా పాదుకలకు నివేదించి, ఆపై నిర్వహించాడు. శ్రీరాముడు తిరిగి వచ్చిన దినాన భరతుడు చేసిన పనిని వాల్మీకి మహర్షి యుద్ధకాండలో విస్మరించలేదు: న్యాసాన్ని అప్పగిస్తూ, కోశాన్నీ, ధాన్యాగారాన్నీ, బలాన్నీ పరిశీలించుకొమ్మని కోరాడు, అన్నీ పదింతలైనాయనీ, అది నీ తేజస్సు వల్లనే అనీ విన్నవించాడు. ఆనందబాష్పాల నడుమ కూడా లెక్క అప్పగించడం మరువలేదు!

దీనికి రెండవ పార్శ్వం అయోధ్యాకాండ నూరవ సర్గలో ఉన్నది. చిత్రకూటంలో, జటాధారియై నేలపై పడిన తమ్ముని లేవనెత్తి, రాముడు వరుసగా ప్రశ్నలు వేస్తాడు. ఆదాయం విస్తారంగా ఉన్నదా, వ్యయం దానికన్న స్వల్పంగా ఉన్నదా, సేవకులకు వేతనం వేళకు అందుతున్నదా అని ఎన్నో అడుగుతాడు. రాముడు భరతుని శంకించాడా? లేదు. ప్రేమ ఉన్నచోటనే అంత వివరంగా అడగడం సాధ్యం. అడగకపోవడాన్ని మనం విశ్వాసమని పిలుచుకుంటాము గాని, చాలాసార్లు అది ఉపేక్ష.

ఇక్కడ ఒక ప్రక్కమాట. కంచెర్ల గోపన్నగారి చరిత్రను భక్తులమైన మనం భక్తిపక్షాననే చదువుతాము, అది సముచితమే. కాని ఏలికకు చెందిన పన్నుల సొమ్మును ఆయన అనుమతి లేకుండా భద్రాద్రి ఆలయానికి వెచ్చించిన తహసీలుదారుగా కూడా ఆయనను చూడవలసి ఉన్నది. తానీషా లెక్క అడగడం అన్యాయమని నేను అనలేను. నా మాటకు ఐతిహ్యమే సాక్ష్యం: శ్రీరామచంద్రుడు స్వయంగా వచ్చి ఆ పైకం యావత్తూ చెల్లించి, రసీదు తీసుకున్నాడని కదా మన పెద్దలు చెబుతారు. తన ఆలయానికే ఖర్చయిన సొమ్మును భగవంతుడు బాకీగా గుర్తించాడు. ఆ రసీదు ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు రోమాంచమవుతుంది.

సరే, ప్రస్తుతానికి వస్తాను. ఇప్పటి మేనేజరుగారు నలభై ఏళ్ళవారు. పూర్వం ఒక చిట్టీల సంస్థలో వసూళ్ళు చూసేవారట. దాదాపు ముప్పై ఇళ్ళు ఆయన పర్యవేక్షణలో ఉన్నాయి. రుసుము అద్దెలో 8 శాతం. ప్రతినెలా 10వ తేదీలోగా లెక్క పంపాలి. వెయ్యి రూపాయలు మించిన మరమ్మతుకు ముందుగా నన్నడగాలి. ఫోటో తీస్తే అందులో మా గుమ్మం మీది శంఖచక్రాలు కనబడాలి (ఈ షరతు మా చెల్లెలిది). అద్దెదారులతో ఒప్పందం పదకొండు నెలలకు. ఏడాది మించిన లీజుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి గనుక దేశమంతటా ఇదే ఆనవాయితీ. 2021లో కేంద్రప్రభుత్వం రూపొందించిన నమూనా అద్దె చట్టం ఈ మేనేజరు అనే వ్యక్తిని ప్రత్యేకంగా గుర్తించి, అద్దె వసూలు, రసీదు ఇవ్వడం, అవసరమైన మరమ్మతులు, తనిఖీ మొదలైనవాటిని అతని విధులుగా పేర్కొన్నది. ఇంట్లో అడుగుపెట్టాలంటే 24 గంటల ముందు తెలియజేయాలని కూడా అందులో ఉన్నది. గోడలకు సున్నం, నీటి గొట్టాలు, విద్యుత్ తీగలు ఇంటి యజమాని బాధ్యత. కుళాయి వాషర్లు, కాలువల శుభ్రత అద్దెదారు బాధ్యత. రాష్ట్రాలు తమ చట్టంగా స్వీకరిస్తేనే అది అమలవుతుంది. అయినా మేము మా ఒప్పందంలో ఈ విభజననే అనుసరించాము.

ఆ 24 గంటల నియమం నాకు ఎంతో నచ్చింది. మా నాన్నగారు సంధ్యావందనం చేసిన గది అది. అయినా ముందుగా చెప్పకుండా నేను అందులో అడుగుపెట్టరాదు. స్వామ్యం నాది, భోగం వేరొకరిది. దేహాన్ని అద్దె ఇంటితో పోల్చడం మన ప్రవచనాలలో అరిగిపోయిన ఉపమానం. కాని ఆ ఉపమానంలో మనం ఎప్పుడూ అద్దెదారు స్థానంలోనే ఉంటాము. యజమాని స్థానంలో నిలబడి, నాది అనుకున్న గడప వెలుపల చెప్పులు విడిచి అనుమతి కోసం వేచి ఉండడం మరొక రకమైన పాఠం.

అద్దెదారు ఒక వితంతువు. కుట్టుపని చేస్తారు. కుమారుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఆరు సంవత్సరాలుగా ఉంటున్నారు, అద్దె 9,500. అయిదవ తేదీ దాటకుండా చెల్లించేవారు. గత శీతకాలంలో ఆమెకు శస్త్రచికిత్స జరిగింది. కుట్టుమిషను తొక్కరాదని వైద్యులు నిషేధించారు. మూడు నెలల అద్దె, అంటే 28,500, నిలిచిపోయింది.

ఆ సమయంలోనే మేనేజరుగారి ఫోను. ఒక కోచింగు సెంటరువారు విద్యార్థుల హాస్టలుకు ఇల్లు వెతుకుతున్నారు. నెలకు 22,000 ఇస్తారు. మూడు నెలల అడ్వాన్సు. ఫాల్గుణంతో ప్రస్తుత ఒప్పందం ముగుస్తుంది. నెలరోజుల ముందు నోటీసు ఇస్తే న్యాయపరంగా ఏ ఇబ్బందీ ఉండదు. నేను రామునిలా కాకపోయినా నాకు చేతనైనన్ని ప్రశ్నలు వేశాను. ఎందరు విద్యార్థులు? ఇరవైనలుగురు. సెప్టిక్ ట్యాంకు సరిపోతుందా? పెంచుకోవడం వారి ఖర్చేనట. గోడలు కదిలిస్తారా? పూజగదికీ పక్కగదికీ మధ్య గోడ తీయవలసి ఉంటుంది. ఆవిడ బాకీ ఎప్పుడు తీరుస్తామంటున్నారు? చైత్రం నుంచి మిషను మీద కూర్చుంటానంటున్నారు, మాట తప్పే మనిషి కాదు. ఆయన ఏ సమాధానంలోనూ తన రుసుము వైపు త్రాసును వంచలేదు. చివరకు ఒకే మాట అన్నారు: "చెప్పవలసింది చెప్పానండి మాస్టారూ. ఇక నిర్ణయం తమదండి."

నెలకు 12,500 అదనం. ఏడాదికి లక్షా యాభైవేలు. నా పింఛనుతో పోల్చితే అది తృణప్రాయమని చెప్పలేను. అప్పుడు మనస్సు ఒక సులభోపాయం సూచించింది: "మీకు ఎలా తోస్తే అలా చేయండి" అని మేనేజరుగారితో అంటే చాలు. ఆయన లెక్క ప్రకారం హాస్టలుకే ఇస్తారు. ఆవిడను ఖాళీ చేయించినది నేను కాదు, మేనేజరు. సొమ్ము మాత్రం నా ఖాతాలోకి వస్తుంది. ఫలం నాది, పాపం పరునిది. దూరాన ఉన్న ఇల్లు కలిగించే అసలైన ప్రలోభం ఇదేనని నాకు తోచింది. మరమ్మతుల బిల్లులలో జరిగే మోసం దీనిముందు అల్పం.

పూర్వమీమాంసలో దీనికి సరియైన విచారణ ఉన్నది. యజ్ఞంలో క్రియలన్నీ దాదాపు ఋత్విక్కులే నిర్వర్తిస్తారు. హోత ఋక్కులు పఠిస్తాడు, అధ్వర్యుడు ఆహుతులు వేస్తాడు, ఉద్గాత గానం చేస్తాడు, బ్రహ్మ దక్షిణదిశన మౌనంగా కూర్చుండి దోషాలు కనిపెడతాడు. అయినా ఫలం యజమానికే చెందుతుందని జైమిని మహర్షి మూడవ అధ్యాయంలో నిర్ణయించాడు. వేతనమిచ్చి నియమించుకోవడం కూడా స్వామి చేయవలసిన కర్మయే నన్నాడు. ఆరవ అధ్యాయంలో ప్రతినిధి విచారం వస్తుంది. వ్రీహులు లభించకపోతే నీవారధాన్యం వాడవచ్చు. సోమలత దొరకకపోతే పూతిక వాడవచ్చు. కాని దేవతకు ప్రతినిధి లేదు, అగ్నికి లేదు, మంత్రానికి లేదు, యజమానికీ లేదు. ఫలాన్ని పొందేవాడు తాను కాబట్టి తన స్థానంలో మరొకని నిలపడం కుదరదు. అధ్వర్యుడు ఆహుతిని అగ్నిలో వేసే క్షణాన, ఈ ద్రవ్యం ఆ దేవతది, ఇక నాది కాదు అనే త్యాగవాక్యాన్ని యజమాని స్వయంగా పలకాలి. చేయి ఋత్విక్కుది కావచ్చు గాని, నాది కాదు అనే మాట మాత్రం అరువు తెచ్చుకోవడానికి వీలుకాదు. అలాగే, నాది అనే మాటా అరువుకు ఇవ్వరానిదే. మేనేజరుగారికి నేనిచ్చే 8 శాతంలో కుళాయిలు ఉన్నాయి, వసూళ్ళు ఉన్నాయి, మేస్త్రీతో బేరాలు ఉన్నాయి. ఒక స్త్రీని ఆమె అస్వస్థతావేళ ఇంటినుండి పంపించాలా వద్దా అన్న నిర్ణయం ఆ 8 శాతంలో లేదు.

నిర్ణయం నాదేనని తేలిన తర్వాత మరొక చిక్కు మిగిలింది. ఆవిడను ఉంచాలన్న నా మొగ్గు దయయా, మోహమా? కురుక్షేత్రంలో అర్జునుని కారుణ్యం అంతా కారుణ్యం కాదని మనకు తెలుసు. పూజగది గోడ పడగొడతారన్న మాట వినగానే నా గుండె కలుక్కుమన్నది. ఆవిడ శస్త్రచికిత్స గురించి విన్నప్పుడు అంతగా అనలేదు. కాబట్టి ఒక పరీక్ష చేసుకున్నాను: ఆవిడ తనంతట తాను వెళ్ళిపోతానని ఉంటే, హాస్టలుకు ఇవ్వడానికి నేను సమ్మతించేవాడినా? ఎంత నిజాయితీగా చూసుకున్నా వెనుకాడేవాడినే. అయితే ఆ వెనుకాటు ఆవిడకోసం కాదు. మా నాన్నగారి గోడకోసం. గోడ ఎన్నటికైనా పడేదే. రెంటినీ వేరుచేసిన తర్వాత దయ ఎంతో మోహమెంతో స్పష్టమైంది. దయ నేననుకున్నదానికన్న చిన్నది. చిన్నదైనా దాని వాటాకు అది సరిపోయింది.

మరునాడు మేనేజరుగారికి ఫోను చేసి చెప్పాను. ఆవిడకు ఒప్పందం పునరుద్ధరించండి. బాకీని పది వాయిదాలు చేయండి, నెలకు 2,850. అది తీరిన తర్వాత అద్దె 10,500కు పెంచుదాం. ఆవిడ తనంతట తాను ఖాళీ చేసిన రోజున గోడ తీసేసి హాస్టలుకే ఇద్దాం. ఆ మాటకు నేను అడ్డురాను.

"ఆయ్, అలాగేనండి," అన్నారు.

అక్కడితో ముగిసేది కాదు. హాస్టలు వచ్చి ఉంటే ఆయనకు నెలకు 1,760 ముట్టేది. ఇప్పుడు 760 మాత్రమే. వేయి రూపాయల నష్టం ఆయనది. దయ నాది, దాని మూల్యంలో కొంతభాగం ఆయన జేబులోనుంచి. ఇది ధర్మమా? పరుని ధనంతో చేసిన దానం దానం కాదని ఏ స్మృతినడిగినా చెబుతుంది. మన పుణ్యకార్యాలను కాస్త పరిశీలిస్తే, వాటి ఖర్చు వంటమనిషి మీదనో, డ్రైవరు మీదనో, గృహిణి మీదనో పడి ఉండడం తరచుగా కనిపిస్తుంది. అందుచేత, మీకు రావలసిన 1,760 ఇకపై నేనే ఇస్తానని చెప్పాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "అంత వద్దండి. హాస్టలైతే నెలకు పదిసార్లు తిరగాలండి, పిల్లల గొడవలు, పక్కింటోళ్ళ గొడవలు. అదంతా కలిపి ఆ పదిహేడు వందలండి. ఈవిడ దగ్గరకి ఒక్కసారి వెళ్తే చాలు. పన్నెండు వందలు ఇప్పించండి, సరిపోద్ది." వెంటనే, నేను ఏమైనా అంటానేమోనన్నట్లు, "పైన ట్యాంకు మూత పగిలిందండి. కోతులు. అది మాత్రం మార్చాలి," అన్నారు.

పరిక్రయంలో ఋత్విక్కు తానే దక్షిణ తగ్గించుకొన్న సందర్భం మీమాంసకులు చర్చించారో లేదో, పండితులు చెప్పాలి.

ఆషాఢమాసపు లెక్క మొన్ననే వచ్చింది. అద్దె 9,500. బకాయి వాయిదా 2,850. రుసుము 1,200. ట్యాంకు మూత 650. నికరం 10,500. అడుగున మరొక పంక్తి ఉన్నది: వంటింటి కుళాయి వాషర్లు 40, అద్దెదారు ఖర్చు, మన లెక్కలోకి రాదు; వాళ్ళబ్బాయే బిగించుకున్నాడు. ప్రక్కన ఫోటో. నీరు కారని కుళాయి, దాని వెనుక తెరిచిన తలుపు, తలుపుమీద శంఖచక్రాలు.